మారుకొడుకు

చివరితిప్ప,
22 జూన్ 1997.

కళా,

నేను క్షేమం. నీ మీద కోపం లేదు. అత్తయ్యగారి మీద ఉంది. అది తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, అది తగ్గేలోపు నాకు రిటైర్మెంటు వచ్చేలా ఉంది. అందుకని రాస్తున్నాను.

పులుసులో ఉప్పెక్కువైందన్నందుకు 'వెనకా ముందూ ఎవరూ లేనివాళ్ళకి కూడా వంకలేనా' అన్నారావిడ. పుట్టగానే తల్లిని పోగొట్టుకుని, హాస్టళ్ళలో పెరిగి, పెళ్ళయ్యాక మీ ఇంట్లోనే ఉంటున్నవాణ్ణి. ఆ మాట నాకు కొత్త కాదు. నువ్వు వంటింట్లో ఉండి కూడా బయటికి రాకపోవడం కొత్త. అందుకే ఏ మాస్టరూ కోరుకోని ఈ పోస్టింగు అడిగి మరీ వేయించుకున్నాను.

యానాం రేవులో పడవెక్కితే గౌతమి వెంట కిందికి తీసుకెళ్తారు. కొబ్బరిచెట్లు అయిపోయి, మడచెట్లు మొదలై, అవీ పలచబడ్డాక వస్తుంది ఈ తిప్ప. అవతల ఇక సముద్రమే. కరెంటు లేదు. మొన్న నవంబరు తుఫానుకి స్కూలు పైకప్పు ఎగిరిపోయింది. నీలం పరదా కట్టుకుని దానికింద పాఠాలు చెబుతున్నాను. మధ్యాహ్నానికి పిల్లలూ నేనూ అందరం నీలంగా కనిపిస్తాం.

పాపాయమ్మ గారనే ఆవిడ ఇంట్లో ఉంటున్నాను. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు పల్లంరాజు ఆ తుఫానులో వేటకెళ్ళి మళ్ళీ రాలేదు. నా ఈడువాడేనట. నేను పడవ దిగగానే ఊరి పెద్ద బుల్లబ్బాయి గారు ఏవేవో ప్రశ్నలడిగి, ఆవిణ్ణి పిలిపించారు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళు తనే కడిగింది. నేను వద్దంటుంటే ఊరంతా నిలబడి చూశారు. వీళ్ళ మర్యాద ఇలా ఉంటుంది కాబోలు.

అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది. ఇక్కడ కూడా పులుసులో ఉప్పెక్కువే. ఏమీ అనలేదు.

దుర్గాసాయి


మండపేట,
6 జూలై 1997.

ఏమండీ,

అత్తగారి మీద కోపం పెళ్ళాం మీద చూపించే మగాళ్ళని చూశాను గానీ, ఏటి వెంట నడుచుకుంటూ సముద్రం దాకా పోయిన మగాణ్ణి మిమ్మల్నే చూశాను. ఇంకో అడుగు వేసి ఉంటే బర్మాలో తేలేవారు.

వంటింట్లోంచి ఎందుకు రాలేదంటారా. చేతిలో గంజి వారుస్తున్న గిన్నె ఉంది. అది దించి వచ్చేసరికి మీరు వీధి మలుపు తిరుగుతున్నారు. గుమ్మంలో నిలబడి 'ఏమండీ' అన్నాను. రిక్షా అబ్బాయి తిరిగాడు, పాలాయన తిరిగాడు, మిల్లుకి పోతున్న లారీ డ్రైవరు కూడా తలకాయ బయట పెట్టాడు. మీరు తప్ప అందరూ తిరిగారు. వీధిలో నిలబడి మొగుణ్ణి పేరుపెట్టి ఎలా పిలవనండీ? మా ఇంటా వంటా లేదు.

అమ్మ మాట తప్పే. నేనే చెప్పాను ఆవిడకి. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. నాన్న మిల్లు నుంచి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుని రేడియోతో మాట్లాడుకుంటున్నారు.

మిషను మీద కూర్చుంటాను, రెండు జాకెట్లు కుట్టేసరికి లేచి వీధిలోకి చూస్తాను. మీ దిండు గలీబు ఇంకా ఉతకలేదు. ఉతకాలనిపించలేదు. నవ్వుకుంటే నవ్వుకోండి. దసరాకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోండి. ఇల్లు విడిగా తీసుకుందాం. ఒక గదైనా చాలు.

మీ
సూర్యకళ


చివరితిప్ప,
3 ఆగస్టు 1997.

కళా,

గోదావరి ఎర్రబడింది. నీ ఉత్తరం తడిసి వచ్చింది. సగం అక్షరాలు ఊహించుకుని చదివాను. దిండు గలీబు మాట మాత్రం చెక్కుచెదరలేదు.

నాకు జ్వరం వచ్చి తగ్గింది. కంగారు పడకు. పాపాయమ్మ గారు నా పక్క వదల్లేదు. నా నుదుటి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. హాస్టల్లో జ్వరం వస్తే వార్డెను మాత్ర ఇచ్చి తలుపేసుకునేవాడు. తల్లి చెయ్యి ఇలా ఉంటుందని నాకు ఇప్పుడు తెలిసింది. నవ్వుకుంటే నువ్వూ నవ్వుకో. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను, ఆ చెయ్యి తీసేస్తుందేమోనని.

బట్టలు ఆరక పల్లంరాజు చొక్కాలే తొడుక్కుంటున్నాను. సరిగ్గా సరిపోయాయి. మొన్న ఆవిడ నన్ను 'రాజూ' అని పిలిచింది. నేను పలికాను.

వీళ్ళ దేవత రేవమ్మ తల్లి. గుడి లేదు, రేవులో ఒక రాయి ఉంది. సముద్రం తీసుకుని శవం తిరిగివ్వని మనిషికి ఇక్కడ దినం చెయ్యరు. అతను రేవమ్మ దగ్గర ఉన్నాడంటారు. అతనికి బదులు ఇంకొకణ్ణి ఇస్తే తిరిగి పంపుతుందట. శివరాత్రికి పల్లంరాజు కోసం గడ్డిబొమ్మని చేసి నీళ్ళలో వదిలారట. తర్వాత ఏమైందని అడిగాను. బుల్లబ్బాయి గారు చుట్ట తీసి చాలా తాపీగా చెప్పారు: "గడ్డినంపితే గడ్డే తిరిగొచ్చిందండి మాస్టారూ."

ట్రాన్స్‌ఫర్ సంగతి చూద్దాంలే. పిల్లలకి ఇప్పుడిప్పుడే కూడికలు పట్టుబడుతున్నాయి.

సాయి


మండపేట,
9 సెప్టెంబరు 1997.

మాస్టారు గారికి,

చవితికి మీకు చెప్పకుండా వద్దామనుకున్నాను. వచ్చాను కూడా. మీకు తెలియదు.

నెయ్యీ, జంతికలూ, కొత్త చొక్కా ఒకటీ సంచిలో పెట్టుకుని యానాం రేవులో దిగాను. మీ తిప్ప పడవ ఉంది. ఎక్కబోతుంటే పడవాయన అడ్డం నిలబడ్డాడు.

"ఎవరికోసమండీ?"

"దుర్గాసాయి మాస్టారి కోసం" అనాలి. పేరు నోటికి రాక, "స్కూలు మాస్టారి కోసం. ఆయన భార్యని" అన్నాను.

"ఆయనకెవరూ లేరు కదండీ. పడవ దిగ్గానే బుల్లబ్బాయిగారు నీకెవరున్నారు బాబూ అంటే, ఎవరూ లేరండి అన్నారు. మేమందరం విన్నామండి. మారుకొడుకున్న ఇంటికి ఆడమనిషిని దాటించకూడదండి. ఏమనుకోకండి, ఆయ్."

ఏమనుకోవద్దన్నాడు కాబట్టి అక్కడ ఏమీ అనుకోలేదు. జంతికలు అతని పిల్లలకి ఇచ్చేశాను. తిరుగు బస్సులో ద్రాక్షారామం దగ్గర దిగి, గుళ్ళోకి వెళ్ళి, ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. పూజారి గారు ప్రసాదం పెట్టి ఇంకో బస్సు ఉందమ్మా అన్నారు.

మా అమ్మ ఎవరూ లేనివాడన్నందుకు ఇల్లు వదిలి వెళ్ళారు. అదే మాట మీరే మీ నోటితో ఊరందరి ముందూ అన్నారు. అప్పుడు నేనెక్కడున్నానండీ? మూడేళ్ళు మీ పక్కన పడుకున్నది ఎవరు?

పోనీ అది తర్వాత తేల్చుకుందాం. మారుకొడుకంటే ఏంటి? నాకు చెప్పండి.

సూర్యకళ


చివరితిప్ప,
30 సెప్టెంబరు 1997.

కళా,

నువ్వు రేవు దాకా వచ్చి వెనక్కి వెళ్ళావని నీ ఉత్తరంలోనే చదివాను. ఎవరూ లేరన్న మాట ఆ రోజు కోపంలో వచ్చింది. ఆ తర్వాత సరిదిద్దలేదు. ఎందుకు సరిదిద్దలేదో చెబుతాను. దాచను.

అసలు సంగతి నాకూ కిందటి నెల చివర్లోనే తెలిసింది. పాపాయమ్మ గారే చెప్పింది. తిరిగిరాని కొడుకు స్థానంలో ఒకణ్ణి కొడుకుగా ఉంచుకుని, ఆ కొడుకు కంచంలో అన్నం పెట్టి, ఆ కొడుకు బట్టలు కడతారు. కార్తీక పౌర్ణమి నాడు సముద్రం నీళ్ళని వెనక్కి లాగే పాటు వేళ అతన్ని తెడ్డు లేని పడవలో కూర్చోబెట్టి, గోదావరి సముద్రంలో కలిసే మొగలో వదులుతారు. ఒకడు వెళ్తే ఒకడు వస్తాడట. అతనే మారుకొడుకు. ముఖ్యమైన నియమాలు రెండు. అతనికి అంతా చెప్పి ఒప్పించాలి. పడవ కదిలాక ఒడ్డు నుంచి అతన్ని ఎవరూ పేరుపెట్టి పిలవకూడదు. పిలిస్తే అతను పిలిచినవాళ్ళ మనిషైపోతాడు, రేవమ్మ పుచ్చుకోదు. అందుకే పిలిచేవాళ్ళు లేనివాణ్ణి చూసుకుంటారు.

ఇదంతా చెప్పి ఆవిడ, "నీ ఇష్టం బాబూ. ఒద్దంటే రేపే యానాం పడవెక్కించేత్తాను. నీ మీదొట్టు" అంది. నేను ఆలోచించుకుంటానన్నాను. ఆ యానాం పడవ ఎక్కుతానని చెప్పలేదు. అది నాకే ఆశ్చర్యంగా ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి. పడవలో కూర్చుంటే ఎవరూ తిరిగి రారని నాకు తెలుసు. కానీ నాకు భార్య ఉందని చెబితే, ఆ పూట నుంచి ఆ కంచం నాది కాదు. ఆ చెయ్యీ నాది కాదు. ఇంకొన్నాళ్ళు ఉండి చెబుదామనుకున్నాను. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. నీ దగ్గరికి రావాలని ఉంది. ఇక్కడ్నుంచి కదలాలని లేదు. రెండూ నిజమే.

సాయి


మండపేట,
19 అక్టోబరు 1997.

ఏమండీ,

ఇవాళ అట్లతద్ది. తెల్లారకుండా లేచి అన్నం తిని, ఉపవాసం ఉండి, అట్లు పోసి వాయనం ఇచ్చాను. అందరూ ఉయ్యాల ఊగుతున్నారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాన్న పోలీసు స్టేషనుకి వెళ్ళారు. "మాస్టారేమైనా పసిపిల్లాడా ఏంటండీ, జాతర చూసుకుని వచ్చేస్తాడులెండి" అని టీ ఇచ్చి పంపారు. అమ్మ మంచం మీంచి లేవడం లేదు. తన మాట వల్లే ఇంత జరిగిందని. రమ్మంటే కాళ్ళు పట్టుకోవడానికైనా వస్తానంటోంది. నేనే వద్దన్నాను. మీకు కావలసింది కాళ్ళు పట్టుకునేవాళ్ళు కాదు, అది నాకు అర్థమైంది.

అమ్మ లేని లోటు నేను తీర్చలేనండీ. ప్రయత్నించాను కూడా. మీకు కొసరి వడ్డించినప్పుడల్లా మీరు నన్ను చూసి నవ్వేవారు గుర్తుందా? నాకప్పుడు గర్వంగా ఉండేది. ఆ నవ్వు నాది కాదని ఇప్పుడు తెలుస్తోంది. అయినా ఫరవాలేదు. ఎవరిదైనా నా ఎదురుగా నవ్వండి, చాలు.

రోడ్డు చివర ఒక గది చూశాను. కిటికీ కాలువ వైపు ఉంది. మిషను కిటికీ దగ్గర వేసుకుంటాను. పాపాయమ్మ గారిని కూడా తీసుకురండి. నిజంగానే రాస్తున్నాను. ఆవిడ వండుతుంది, మీరు తినండి, నేను కుట్టుకుంటాను. మా అమ్మ వచ్చి ఉప్పు సరిచూస్తుంది.

రండి. నాకు మీరు కావాలి. దీన్ని ఇంకోలా రాయడం నాకు రాదు.

మీ
సూర్యకళ


చివరితిప్ప,
8 నవంబరు 1997.

కళా,

నీ ఉత్తరం పాపాయమ్మ గారికి చదివి వినిపించాను. నీ గురించి ఆవిడకి తెలియడం అదే మొదటిసారి. విన్నాక లేచి నా పెట్టె సర్దింది. "కోడలు పిలుత్తుంటే ఇక్కడేంటి నీకు పని? తెల్లారే పడవకి ఎల్లిపో బాబూ" అంది. "మరి రాజు?" అన్నాను. "ఆడూ నా కొడుకే, నువ్వూ నా కొడుకే. ఒకణ్ణంపి ఒకణ్ణి తెచ్చుకోటానికి నాకు చేతులు రావట్లేదు" అని పమిట నోట్లో కుక్కుకుంది.

అంతవరకూ పెట్టె తీసుకుని వచ్చేద్దామనే ఉంది, కళా. ఆ మాట విన్నాక నా కాళ్ళు కదల్లేదు. నన్ను పంపలేనని ఏడ్చిన మనిషి నా జన్మలో ఆవిడొక్కతే అనుకున్నాను. అలా అడ్డం పడే అమ్మ కోసం ఏ కొడుకు వెళ్ళడు చెప్పు? బుల్లబ్బాయి గారితో ఒప్పుకున్నానని చెప్పేశాను. ఆవిడ రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు.

నీ గురించి బుల్లబ్బాయి గారికి చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. రేవులో పడవాయన నీ మాట నమ్మలేదు కాబోలు, ఊళ్ళో ఎవరితోనూ అన్నట్టు లేదు.

పౌర్ణమి రోజు రావద్దని నీకు రాద్దామని కాయితం తీశాను. రాయలేకపోతున్నాను. రా. వచ్చి ఒడ్డున నిలబడి నన్ను పిలువు. తిరుగుతానో లేదో నాకే తెలియదు. తెలుసుకోవాలని ఉంది. తిరిగితే నీ గదికి వస్తాను. కాలువ వైపు కిటికీ అన్నావు కదా, దాన్నే తలుచుకుంటున్నాను.

నీ
సాయి


చివరితిప్ప,
3 నవంబరు 1998.

ఏమండీ,

ఈ అలవాటు పోలేదు. మీ పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ ఇదే రాశాను.

కిందటేడు కార్తీక పౌర్ణమి నాడు మీరు సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు, ఇటు జరిగింది మీకు కనిపించి ఉండదు. తిప్ప పడవ ఎక్కనివ్వరని నాన్న వేరే ఊరి పడవ మాట్లాడారు. మేం చేరేసరికి డప్పులు మోగుతున్నాయి. పడవని అప్పుడే నీళ్ళలోకి తోశారు. నేను నడుంలోతు నీళ్ళలోకి దిగి 'ఏమండీ' అని అరిచాను. ఏమండీ, ఏమండీ అని గొంతు చించుకున్నాను. ఒడ్డునున్న మగాళ్ళంతా నావైపు తిరిగారు. మీరు తిరగలేదు. పేరుపెట్టి పిలవాలని నాకు తెలుసు, మీరే రాశారు. అయినా నోరు తిరగలేదు. పాపాయమ్మత్త నీళ్ళలోకి వచ్చి నా జుట్టు పట్టుకుని ఊపేసింది. "పేరెట్టి పిలువే, పేరెట్టి పిలువు" అని ఏడ్చింది.

అప్పుడు పిలిచాను. దుర్గాసాయీ అని. మీరు తిరిగారు. లేచి నిలబడ్డారు. మా వైపు ఒక చెయ్యి చాపారు. అప్పటికే పడవ మొగలో పడిపోయింది. అందులో తెడ్డు లేదు.

నాన్న మాట్లాడిన పడవ మీ వెనకాల రాబోయి కెరటాలకి ఆగిపోయింది. పోలీసులు వచ్చి జాతరలో ప్రమాదమని రాసుకున్నారు. మీరు దొరకలేదు. మండపేటలో అమ్మ దినం చేయిద్దామంది. శవం దొరకని మనిషికి దినం చెయ్యకూడదన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చినందుకు అమ్మ భయపడింది. నేను భయపడలేదు. మిషను పడవలో వేసుకుని ఇక్కడికి వచ్చేశాను.

మీరు తిరిగారు కాబట్టి మీరు నా మనిషేనట. రేవమ్మ పుచ్చుకోలేదట, అందుకే రాజూ రాలేదట. కానీ మొగ దాటారు కాబట్టి ఊరికే పంపదట. ఒకడు వెళ్తే వస్తారు. బుల్లబ్బాయి గారు చెప్పారు. నేను నమ్ముతున్నానా అని అడక్కండి. మీ దిండు గలీబు ఉతకనిదాన్ని, దేన్నైనా నమ్ముతాను.

పాపాయమ్మత్త ఒప్పుకోవడం లేదు. "చాలమ్మా, ఇంక ఏ తల్లి బిడ్డా ఒద్దు" అంటుంది. రేవమ్మ రాయి దగ్గరికి వెళ్ళడం మానేసింది. దీపం నేనే పెడుతున్నాను. నెల నుంచి ఇద్దరం విడిగా వండుకుంటున్నాం.

అతని పేరు వీరబ్రహ్మం. పడవలు చెక్కే వడ్రంగి. వానలు తగ్గాక మరమ్మతులకి వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఇంట్లో గొడవపడి వచ్చేశాడట, ఎవరూ లేరన్నాడు. కాళ్ళు నేనే కడిగాను. మీ కంచంలోనే పెడుతున్నాను. మీరు వేసుకున్న చొక్కాలే ఇచ్చాను. భుజాల దగ్గర బిగుతైతే కుట్లు విప్పి వదులు చేశాను. జరగబోయేదంతా చెప్పాను, నియమం ప్రకారం. నవ్వాడు. నమ్మినట్టు లేడు. "మీరింత బాగా చూసుకున్నారు, పడవలో కూర్చోమంటే కూర్చోనా అక్కా" అన్నాడు. ఈ ఉత్తరం అతని జేబులో పెడతాను. విప్పి చూసే రకం కాదు.

ఇవాళ మధ్యాహ్నం రేవులో బట్టలు పిండుకుంటుంటే తాళ్ళరేవు వైపు నుంచి పడవ వచ్చింది. ఒక అమ్మాయి దిగింది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఎండకి మొహం కందిపోయి ఉంది. ఊరూరా రేవులన్నీ తిరుగుతోందట.

"మా అన్నయ్య కోసమండి. వీరబ్రహ్మం అని, పడవలు చేత్తాడండి. చిన్నమాటకి అలిగి వచ్చేశాడండి. అమ్మ అన్నం తినట్లేదండి."

వెనక ఇంట్లో అతను ఉలి నూరుకుంటున్నాడు. ఆ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. నీళ్ళ పక్కన, కెరటాల హోరులో ఆ పిల్లకి వినపడలేదు. ఒక్కసారి గట్టిగా పిలిస్తే చాలు, అతను బయటికి వచ్చేస్తాడు. పిలవడానికి దాని నోటికి ఏ అడ్డూ లేదు. అన్న పేరు కదా.

అలాంటి మనిషెవరూ ఈ తిప్పకి రాలేదమ్మా అన్నాను. మంచినీళ్ళిచ్చి, వచ్చిన పడవలోనే ఎక్కించి, అది మడచెట్ల మలుపు దాటేదాకా అక్కడే నిలబడ్డాను.

రేపు పాటు వేళకి అతను బయల్దేరతాడు. మీరు కూడా బయల్దేరండి.

మీ
సూర్యకళ